బడికి ఏ సైకిలు?

తొమ్మిదో తరగతి చదివే ఒక పాఠకుడు ఈ నెల ఇలా అడిగాడు: "మా ఊరినుంచి హైస్కూలు 6 కిలోమీటర్లు. 5 కిలోమీటర్లు తారురోడ్డు. మిగిలిన కిలోమీటరు కాలవ గట్టు. అక్కడ గులకరాళ్ళూ, గుంటలూ, వానాకాలంలో బురదానూ. నాన్న సైకిలు కొంటానన్నాడు. లావు టైర్లూ, ముందూ వెనకా స్ప్రింగులూ ఉన్నది కొనమని నేనంటున్నాను. సన్న టైర్లది తేలిగ్గా పోతుందని అన్నయ్య అంటున్నాడు. ఏది కొన్నా నాలుగేళ్ళు రావాలని అమ్మ అంటున్నది. ఏది మంచిది?"

సైకిళ్ళు చూడబోయే ముందు దారి చూడాలి. ఈ అబ్బాయి రానూ పోనూ రోజుకు 12 కిలోమీటర్లు తొక్కుతాడు. అందులో 10 కిలోమీటర్లు తారు, 2 కిలోమీటర్లు గట్టు. గట్టు మీద బాగుంటుందని కొన్న సైకిలు తారు మీద రోజూ కాళ్ళు పీకేస్తే, నెల తిరక్కుండా అది వసారాలో మూలపడుతుంది. తారు మీద బాణంలా పోతుందని కొన్నది గట్టు మీద జారి పడేస్తే, మోకాళ్ళు చీరుకుపోతాయి. అంటే అన్నదమ్ములిద్దరూ చెప్పినది సగం సగం నిజమే.

ఈ రెంటికీ మధ్య ఒక రకం ఉన్నది. దాన్ని హైబ్రిడ్ సైకిలు అంటారు. హైబ్రిడ్ విత్తనాల మాట మీరు వినే ఉంటారు. రెండు రకాల మొక్కలను కలిపి, రెండింటిలో ఉన్న మంచి గుణాలు ఒకదానిలో వచ్చేలా చేస్తారు. ఇదీ అలాంటిదే. పందేల సైకిలుకు ఉన్నట్టు పెద్ద చక్రమూ, తేలిక చట్రమూ ఉంటాయి. కొండ సైకిలుకు ఉన్నట్టు తిన్నని హ్యాండిలూ, గట్టి బ్రేకులూ ఉంటాయి. కొండ సైకిలు పాతదేమీ కాదు. 1970 తరవాతి సంవత్సరాలలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళు తెచ్చి కొండల మీదినుంచి కిందికి తొక్కి ఆడుకునేవాళ్ళు. ఆ ఆటలోనుంచే అది పుట్టింది. హైబ్రిడ్ సైకిలు దానికన్నా చిన్నది.

అయితే, హైబ్రిడ్ అని పేరుంటే చాలదు. అందులో ఏమేమి చూడాలో తెలియాలి. మొట్టమొదట చూడవలసింది టైరు. ఎంచేతనంటే, ఇంత సైకిలులోనూ నేలను తాకేది అదొక్కటే.

టైరులో గాలి నింపటం వెనక ఒక కథ ఉన్నది. ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు ఉండేవాడు. ఆయన కొడుక్కు ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. రాళ్ళు పరిచిన వీధులలో అది పిల్లవాణ్ణి కుదిపి కుదిపి పెట్టేది. డన్‌లప్ ఒక చెక్క చక్రం చేసి, దాని చుట్టూ గాలి నింపిన రబ్బరు గొట్టం బిగించాడు. దాన్నీ, సైకిలు తాలూకు పాత చక్రాన్నీ పెరటిలో ఒకదాని తరవాత ఒకటి దొర్లించి చూశాడు. పాత చక్రం మధ్యలోనే పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటిపోయి, అవతలి గేటు స్తంభానికి కొట్టుకుని వెనక్కు ఎగిరింది! 1888 లో ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. నిజానికి రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఆయన అంతకు నలభై ఏళ్ళ ముందే గాలి టైరు కనిపెట్టాడు. కాని ఈ సంగతి డన్‌లప్‌కు తెలియదు.

గాలి చక్రం ఎందుకు దూరం పోయింది? దారిలో చిన్న రాయి ఉన్నదనుకోండి. గట్టి చక్రం ఆ రాయి ఎక్కాలంటే, సైకిలూ, దాని మీది మనిషీ కూడా రాయి ఎత్తున పైకి లేవాలి. అలా లేపటానికి మీరు తొక్కిన బలమే ఖర్చవుతుంది. గాలి టైరైతే రాయి దగ్గర కాస్త లోపలికి నొక్కుకుని, రాయి దాటగానే మళ్ళీ ఉబ్బుతుంది. మనిషి పైకి లేవనక్కర లేదు. కుదుపూ తగ్గుతుంది, బలమూ మిగులుతుంది.

ఇప్పుడు టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చూడండి. 700×38 అని ఉంటే, 38 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. పందేల సైకిళ్ళకు ఇంతకన్నా సన్నగా ఉండటం మామూలు. కొండ సైకిళ్ళకు 50, ఆపైన. హైబ్రిడ్‌కు 32 నుంచి 45 దాకా ఉంటుంది. మన అబ్బాయి దారికి 38 గాని 42 గాని సరిపోతుంది. టైరు నడిమి భాగం నున్నగానూ, అంచులలో చిన్న చిన్న గళ్ళతోనూ ఉంటే మేలు. నడుమ నుంచి పెద్ద పెద్ద బొడిపెలుంటే, అవి బురదలో పట్టు ఇస్తాయిగాని, తారు మీద బర్రుమని చప్పుడు చేస్తూ వెనక్కు లాగుతాయి. టైరుకూ ఫోర్కుకూ మధ్య వేలు దూరేటంత సందు ఉన్నదేమో కూడా చూడండి. లేకపోతే బురద అక్కడ ఇరుక్కుని చక్రం తిరగదు.

మరి స్ప్రింగుల మాట? స్ప్రింగు ఫోర్కు చూడటానికి బాగుంటుంది. చవక సైకిళ్ళకు పెట్టే స్ప్రింగు ఫోర్కు, మామూలు ఫోర్కుకన్నా బాగా బరువు. ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కితే, సైకిలు ముందుకు పోవటానికి బదులు కిందికీ పైకీ ఊగుతుంది. వెనక స్ప్రింగు కూడా ఉంటే ఆ ఊగటం రెట్టింపు. దాని కీళ్ళలో మట్టి చేరితే బాగుచెయ్యటం అన్ని షాపులలోనూ కుదరదు. కొండ దిగేవాళ్ళకు స్ప్రింగులు కావాలి. రోజుకు 2 కిలోమీటర్ల గట్టుకు 38 మిల్లీమీటర్ల టైరులో ఉన్న గాలే స్ప్రింగు.

ఇక గేర్లు. 21 గేర్లు, 24 గేర్లు అని గొప్పగా చెపుతారు. లెక్క వేసి చూడండి. 700×38 చక్రం ఒక్కసారి తిరిగితే సుమారు 2 మీటర్ల 20 సెంటీమీటర్లు పోతుంది. ముందు పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనక దానికి 16 ఉంటే, పెడలు ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం 3 చుట్లు తిరుగుతుంది. అంటే సైకిలు 6 మీటర్ల 60 సెంటీమీటర్లు పోతుంది. ముందు 28, వెనక 28 ఉంటే ఒక్క చుట్టే. 2 మీటర్ల 20 సెంటీమీటర్లే. కాని కాలికి మూడోవంతు శ్రమే. ఎదురుగాలికీ, గట్టు ఎక్కటానికీ ఇలాంటి చిన్న గేరు కావాలి. ఇన్ని గేర్లున్నా చాలావాటి ఫలితం ఇంచుమించు ఒకటే. కాబట్టి మొత్తం ఎన్ని అని అడక్కండి. అన్నిటికన్నా చిన్న గేరు ఎంత చిన్నదని అడగండి. దారంతా చదునైతే 7 గేర్లు చాలు. అసలు గేర్లే లేని మామూలు సైకిలు కూడా చాలు. దానికి మరమ్మతులూ తక్కువే.

బ్రేకులు ముఖ్యంగా రెండు రకాలు. ఒక రకం చక్రం అంచును పట్టుకుంటుంది. రెండోది, డిస్కు బ్రేకు, చక్రం మధ్యనున్న పళ్ళాన్ని పట్టుకుంటుంది. అంచు తడిసినా, బురద పట్టినా మొదటి రకం వెంటనే పట్టదు. డిస్కుకు బురద అంతగా చేరదు. వానలో గట్టు మీద పోయేవాడికి డిస్కు మంచిదే. కాని దాన్ని సరిచెయ్యగలవాడు మీ ఊళ్ళో ఉన్నాడా అని ముందే కనుక్కోండి. ఏ రకమైనా, లివరు మీ వేళ్ళకు అందాలి. గట్టిగా నొక్కినప్పుడు అది హ్యాండిలుకు తగలకూడదు. గులకరాళ్ళ మీద ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టకండి. ముందు చక్రం జారితే మనిషి నిలవలేడు.

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మాట. "పిల్లవాడు ఎదుగుతాడు గదా" అని చొక్కా రెండు అంగుళాలు ఎక్కువ కుట్టించవచ్చు. సైకిలు మాత్రం అలా కొనకండి. కాళ్ళు అందని సైకిలు ఆపవలసినప్పుడు ఆగదు. షాపులో 26 అంగుళాలనీ, 28 అంగుళాలనీ చెప్పేది చక్రం కొలత. కావలసింది చట్రం కొలత. పిల్లవాణ్ణి సీటుకు ముందు, బారుకు అటొక కాలూ ఇటొక కాలూ వేసి నేల మీద నిలబడమనండి. పాదాలు రెండూ పూర్తిగా ఆనాలి. అప్పటికీ బారుకూ అతనికీ మధ్య సుమారు 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. తరవాత సీటు మీద కూచుని, పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టమనండి. కాలు తిన్నగా చాగితే సీటు ఎత్తు సరి. మడమకు బదులు ముందు పాదంతో తొక్కినప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది. పెరిగే పిల్లవాడికోసం సీటు పైకి లేపవచ్చు. చట్రాన్ని చిన్నది చెయ్యలేం. అమ్మ అడిగిన నాలుగేళ్ళు ఈ సీటు గొట్టంలోనే ఉన్నాయి. కాని గొట్టం మీద గీసిన హద్దు గీతను మించి ఎప్పుడూ లేపకూడదు.

చాలా హైబ్రిడ్ సైకిళ్ళకు మడ్‌గార్డులూ, క్యారియరూ, స్టాండూ విడిగా కొనాలి. అవి బిగించటానికి చట్రానికి రంధ్రాలున్నాయేమో చూడండి. లేకపోతే వానాకాలంలో వీపంతా బురదే. పుస్తకాల సంచీ బరువంతా భుజాల మీదే. చేతిలో ఉన్న డబ్బంతా సైకిలుకే పెట్టెయ్యక, పంపుకూ, తాళానికీ, ముందు దీపానికీ, వెనక ఎర్ర దీపానికీ కాస్త మిగల్చండి.

అందుచేత మన అబ్బాయికి మా సలహా ఇది: స్ప్రింగులు లేని హైబ్రిడ్, 38 మిల్లీమీటర్ల టైర్లు, ఒక నిజమైన చిన్న గేరు, ఒంటికి సరిపోయే చట్రం. అన్నయ్య అన్నట్టు తారు మీద తేలిగ్గా పోతుంది. తమ్ముడు కోరినట్టు గట్టు మీద కుదపదు.

ఇక డన్‌లప్ చేసినట్టు మీరూ ఒక ప్రయోగం చెయ్యవచ్చు. దానికి కొత్త సైకిలు అక్కర లేదు. బళ్ళు తిరగని చోట, చిన్న వాలు దిగాక చదునుగా ఉండే నేల చూసుకోండి. పెద్దవాళ్ళనెవరినైనా దగ్గర ఉండమనండి. టైర్ల పక్కన రాసి ఉన్న హద్దు మించకుండా బాగా గాలి కొట్టి, వాలు మీద ఒక గీత దగ్గరనుంచి, తొక్కకుండా వదలండి. సైకిలు ఎక్కడ ఆగితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, దూరం కొలవండి. మూడుసార్లు చెయ్యండి. తరవాత రెండు టైర్లలోనూ కాస్త గాలి తీసి, మళ్ళీ మూడుసార్లు చెయ్యండి. మరీ ఎక్కువ తీస్తే, రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, జాగ్రత్త. ఇదంతా తారు మీద ఒకసారీ, మట్టి మీద ఒకసారీ చేసి, వచ్చిన అంకెలు నోటుబుక్కులో రాసుకోండి. సైకిలు షాపుకు వెళ్ళేటప్పుడు ఆ నోటుబుక్కు వెంట తీసుకుపోండి.