కీళ్ల జబ్బుకు పేగు మీద కేసు

కీళ్లవాతానికీ పేగుల్లోని బ్యాక్టీరియాకూ సంబంధం ఉందని పేపర్లో పడితే చాలు, "మనవాళ్లు ఏనాడో చెప్పారు" అంటూ వాట్సాప్‌లో మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఆయుర్వేద గ్రంథం మాధవ నిదానంలో ఆమవాతం ఉంది, కాదనను. సరిగా అరగక మిగిలిన ఆమం వాతంతో కలిసి కీళ్లలో చేరుతుందని అందులోని వివరణ. ఆ ఆమాన్ని ఎవరూ బయటికి తీసి చూపించింది లేదు. దాని పేరు చెప్పి వంకాయ, గోంగూర, పెరుగు మాత్రం మాన్పిస్తారు.

పొట్టను అనుమానించడం మన ఒక్కరి సొత్తూ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్‌లో సర్ విలియం ఆర్బత్‌నాట్ లేన్‌కు ఇదే తోచింది. మలం నిలవుంటే విషాలు ఒళ్లంతా పాకుతాయని నమ్మి, మనుషుల పెద్దపేగునే కోసి తీసేశాడు. కీళ్లవాతం ఉన్నవాళ్లనూ వదల్లేదు. ఆ కోతకే కొందరు చనిపోయారు. ఆయన చెయ్యి తిరిగిన సర్జనే.

రుజువు వేరే దారిన వచ్చింది. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే మనిషి జన్యువును ఎలుకల్లో పెడితే వాటికి పేగువాపు, కీళ్లవాపు వస్తాయి. అవే ఎలుకలను ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచితే రెండూ రాలేదని 1994లో తేలింది. 2013లో న్యూయార్క్ పరిశోధకులు కొత్తగా రుమటాయిడ్ జబ్బు పడి, ఇంకా మందు మొదలెట్టనివాళ్లను పరీక్షించారు. ప్రెవోటెల్లా కోప్రి అనే బ్యాక్టీరియా వాళ్లలో 75 శాతం మందిలో కనిపించింది, ఆరోగ్యవంతుల్లో 21 శాతం మందిలోనే. దొంగ దొరికాడనుకునేలోపే ఇంకో సంగతి బయటపడింది: పీచు ఎక్కువగా తినే పల్లెజనాల్లో, ఏ కీళ్లనొప్పీ లేనివాళ్లలో, ఇదే బ్యాక్టీరియా దండిగా ఉంటుంది. పేగు బ్యాక్టీరియాను బాగుచేస్తామనే ప్రోబయాటిక్ డబ్బా మీద ఈ సంగతి రాయరు.

సల్ఫాసలజీన్ అనే మందు కథ చూడండి. సూక్ష్మజీవుల వల్లే కీళ్లవాతం వస్తుందన్న నమ్మకంతో స్వీడన్ డాక్టర్ నన్నా స్వార్ట్స్ దాన్ని చేయించింది. పెద్దపేగులోని బ్యాక్టీరియాయే ఆ మందును విడగొట్టాలి. 1940ల చివర ఒక పరీక్షలో అది తేలిపోయి మూలన పడింది. 1970ల చివర మళ్లీ పరీక్షకు పెట్టారు, ఈసారి నెగ్గింది. ఇవాళ డాక్టర్లు రాస్తున్నారు.

నాటుమందు పొట్లం సంగతీ ఉంది. వారంలో నొప్పి మాయం, నెలలో ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. అలాంటి పొట్లాల్లో కలిపిన స్టెరాయిడ్ ల్యాబ్‌లలో ఎన్నోసార్లు పట్టుబడింది. అమ్మేవాడిని ఒక్కటే అడగండి: నీ మందు ఓడిపోయిన పరీక్ష ఒక్కటైనా ఉందా?