లారీలకు ఎ.సి. వచ్చింది, గ్యాసు మాటేమిటి?

నరసరావుపేట: పల్నాటి ఎండల గురించి వేరే చెప్పనక్కరలేదు. వేసవి వచ్చిందంటే రెంటచింతల పేరు పత్రికలకెక్కవలసిందే. ఆ ఎండలో పిడుగురాళ్ల సున్నం, మాచర్ల సిమెంటు, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు చేరవేసే లారీ డ్రయివర్లకు కొంత ఊరట లభించింది. మొత్తం బరువు మూడున్నర టన్నులు మించిన సరకు లారీలు 2025 అక్టోబరు 1 నుంచి ఎ.సి. కాబిన్‌తోనే తయారు కావాలని కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ జారీ చేసింది. ఇన్నాళ్లకైనా డ్రయివరు ఒంటికి చెమట పడుతుందని గుర్తించినందుకు సంతోషించవలసిందే.

కాని ఎ.సి. వెంట మరమ్మతూ వస్తుంది. ఇంతవరకు కార్ల యజమానులకే పరిమితమైన ఈ బెడద ఇక లారీ షెడ్లకూ తప్పదు.

డ్యాష్‌బోర్డు వెనుక సంగతి

ఉదాహరణకు హీటర్ కోర్‌నే తీసుకోవచ్చు. పల్నాడులో హీటరు వేసుకునే రోజులు వేళ్లమీద లెక్కించవచ్చు. అయినప్పటికీ కార్లలో డ్యాష్‌బోర్డు వెనుక అది ఉండనే ఉంటుంది. ఇంజను వేడినీరు తిరిగే చిన్న రేడియేటరు వంటిది అది. కూలెంటుకు బదులు ఉప్పు బోరు నీళ్లు పోసి సరిపెట్టుకుంటే తుప్పు పట్టి, పూడి, చివరకు కారుతుంది. కాళ్లకింది మ్యాటు తడవడం, తియ్యని వాసన రావడం, అద్దానికి లోపలివైపు జిడ్డు ఆవిరి పట్టడం, రేడియేటరులో నీరు తరుగుతుండటం దీని గుర్తులు.

రెండు గొట్టాలనూ ఇంజను దగ్గరే కలిపేస్తే బండి నడుస్తుంది. పూర్తిగా మార్చాలంటే మాత్రం చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు ఊడదీయాలి. చిక్కు అక్కడే ఉంది. అనేక మోడళ్లలో హీటర్ కోర్, ఎ.సి. చల్లబరిచే కాయిలు ఒకే పెట్టెలో ఉంటాయి. పెట్టె బయటకు రావాలంటే ఎ.సి. పైపులు విప్పాలి, విప్పాలంటే గ్యాసు తీయాలి. తీయడమంటే యంత్రంతో సిలిండరులోకి లాగడం. వాల్వు నొక్కి గాలిలోకి వదిలేస్తే పని క్షణాల్లో అయిపోతుంది, కంటికి ఏమీ కనబడదు. అందుకే ఆ పద్ధతికి ఆకర్షణ.

పోయే అర కిలో ఖరీదు

పూర్వం కార్లలో వాడిన ఆర్-12 గ్యాసు ఆకాశంలోని ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని తేలడంతో 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరింది, 2010 నాటికి ఆ గ్యాసుల వాడకం దాదాపు ముగిసింది. తర్వాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌ను ముట్టదు గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకన్న సుమారు 1,300 రెట్లు బలమైనది. కారులో ఉండేది ఇంచుమించు అర కిలో. ఆ అర కిలో గాలిలో కలిసిందంటే సుమారు 280 లీటర్ల పెట్రోలు మండినంత చెరుపు. ఎండ ఎక్కువైందని బిగించిన యంత్రమే ఎండను పెంచడం విడ్డూరం.

యజమాని జేబుకూ ఇందులో నష్టముంది. "గ్యాసు అయిపోయింది, పట్టించండి" అనే మాట తరచు వినబడుతుంది. డీజిలులాగ ఖర్చయిపోయే వస్తువు కాదది. మూసిన గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతుంటుంది. తరిగిందంటే ఎక్కడో కారుతున్నదన్నమాటే. లీకు పట్టుకోకుండా నింపించుకుంటే డబ్బూ గ్యాసూ రెండూ గాలిపాలే. నింపేముందు వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగేయాలి, లేకుంటే కంప్రెసరుకే ఎసరు. గ్యాసును అందాజుగా కాక బానెట్ కింద చీటీపై రాసిన తూకం ప్రకారమే నింపాలి. చవకగా వస్తుందని వంటగ్యాసు పట్టించడం నిప్పుతో చెలగాటం.

పల్లెల్లో గమనించవలసిన మరో సంగతి తీసిపోసిన కూలెంటు. అది తియ్యగా ఉండే విషం. షెడ్డు ముందు మడుగు కడితే కుక్కలూ పశువులూ తాగి ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి. దాన్ని డబ్బాలో పట్టి మూతపెట్టాలి. వేడి ఇంజనుపై రేడియేటరు మూత తీయరాదని డ్రయివర్లకు చెప్పనక్కరలేదు.

మెకానిక్కులను నిందించి లాభం లేదు. గ్యాసు లాగి, శుభ్రపరచి, తూచి తిరిగి నింపే యంత్రం రేకుల షెడ్డులో పనిచేసేవాని తాహతుకు మించినది. 2019లో కేంద్రం ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక 2022-23 నాటికి లక్షమంది సర్వీసు మెకానిక్కులకు శిక్షణ ఇవ్వాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఆ శిక్షణ పెద్ద షోరూములను దాటి నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల షెడ్లదాకా రావాలి. పట్టణానికొక యంత్రాన్ని మెకానిక్కులంతా ఉమ్మడిగా కొనుక్కుని వంతులవారీగా వాడుకున్నా పని జరుగుతుంది. వరి కోత యంత్రాన్ని ఊరంతా బాడుగకు వాడుకోవడం లేదా?

వ్యవధి కూడా ఎక్కువ లేదు. 2016 నాటి కిగాలి సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఈ తరహా గ్యాసుల వాడకానికి 2028లో గరిష్ఠ పరిమితి పడుతుంది, 2032 నుంచి కోత మొదలై 2047 నాటికి 85 శాతానికి చేరుతుంది. ఐరోపాలో ఇలాంటి కోత బిగిసినప్పుడు 2017, 2018లలో గ్యాసు ధర అనేక రెట్లు పెరిగింది. ఈనాడు వాల్వు నొక్కి వదిలేస్తున్న గ్యాసును ఇంకో పదేళ్లకు అదే షెడ్డు మరింత ధర పెట్టి కొనవలసి రావచ్చు.