ఎవరన్నారు? ఎక్కడ చదివారు?

గుంటూరు మిర్చి యార్డులో ఏ టిక్కీ ఏ రైతుదో లెక్క తప్పితే ఏమవుతుంది? ఒకరి కష్టానికి డబ్బు మరొకరికి పోతుంది. ఇంగ్లిషులో ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడూ అంతే. ఏ మాట ఎవరిదో, ఎక్కడ దొరికిందో చెప్పేవి చిన్న చిన్న ప్రిపొజిషన్లే. అవి తారుమారైతే ఒకరి మాట మరొకరి ఖాతాలో పడుతుంది.

చిక్కంతా ఎక్కడంటే... తెలుగులో 'లో', 'నుంచి', 'గురించి' పదం వెనక వస్తాయి. ఇంగ్లిషులో వాటి పని చేసేవి ముందుంటాయి. పైగా ఒకదానికొకటి అచ్చంగా సరిపోవు. పుస్తకంలో అన్నా, పేజీలో అన్నా మనకు ఒక్క 'లో' చాలు. ఇంగ్లిషులో మాత్రం 'ఇన్ ద బుక్', 'ఆన్ పేజ్ 45' అనాలి. 'ఇన్ పేజ్ 45' తప్పు. అధ్యాయానికీ, పట్టికకూ 'ఇన్'. వెబ్‌సైట్‌కు 'ఆన్'.

'ప్రకారం' సంగతీ అంతే. రచయితకో, నివేదికకో 'అకార్డింగ్ టు' వాడాలి. 'యాజ్ పర్' జీవోలకూ, నిబంధనలకూ, ఒప్పందాలకూ నప్పుతుంది. సొంత అభిప్రాయమైతే 'అకార్డింగ్ టు మి' అనకూడదు, 'ఇన్ మై ఒపీనియన్' అనాలి.

మిర్చి ధరల మీద రిపోర్టు రాస్తున్నారనుకుందాం. లెక్కలు దేని గురించో చెప్పాలంటే 'డేటా ఆన్ చిల్లీ ప్రైసెస్'. అవి ఎవరిచ్చారో చెప్పాలంటే 'డేటా ఫ్రమ్ ద మార్కెట్ యార్డ్'.

ఎక్కువమంది పొరబడేది మరోచోట. కృష్ణా జిల్లా మీద గోర్డన్ మెకంజీ రాసిన మాన్యువల్ 1883లో వెలువడింది. గుంటూరు అప్పటికి ఆ జిల్లాలోనే ఉంది. వేరు జిల్లా అయ్యింది 1904లో. 1832-33 నాటి గుంటూరు కరువు గురించి రాసే విద్యార్థి, మెకంజీ మాటల్ని ఈమధ్య వచ్చిన ఏదో పుస్తకంలో చూసి, నేరుగా 'అకార్డింగ్ టు మెకంజీ' అని పెట్టేస్తాడు. మధ్యలో ఆ రెండో రచయిత ఒక అంకె తప్పుగా ఎత్తిరాసి ఉంటే? నింద మెకంజీ మీద పడుతుంది!

అందుకే మెకంజీ పేరు పక్కన 'యాజ్ సైటెడ్ ఇన్' అని చేర్చి, నిజంగా చదివిన పుస్తకం రచయిత పేరు, సంవత్సరం ఇవ్వాలి. అక్కడ పేరూ సంవత్సరమూ కలిస్తే పుస్తకమనే అర్థం, అందుకే 'ఇన్'. వాక్యంలో మనిషి పేరు మాత్రమే చెబితే 'కోటెడ్ బై'.

పిల్లలు ప్రాజెక్టు తెచ్చి చూపిస్తే, ఇంగ్లిషు రాని అమ్మానాన్నలు కూడా ఒక్క ప్రశ్న అడగొచ్చు. 'ఇది ఆయన పుస్తకంలోనే చదివావా, ఇంకెవరో చెబితే రాశావా?' జవాబు నిజాయతీగా వస్తే... సరైన ప్రిపొజిషన్ వెతుక్కోవడం కష్టం కాదు.