నాటితే తోట, మొలిస్తే అడవి



మా అబ్బాయి అబూధాబీలో ఉద్యోగి. కిందటి శీతకాలంలో మమ్మల్ని సర్ బనీ యాస్ దీవికి తీసుకొనిపోయాడు. "నాన్నగారూ, ఎడారిలో అడవి చూద్దురుగాని" అన్నాడు. అక్కడి సఫారీ విడిదిలో రెండు రాత్రులు గడిపాము. ఆతిథ్యానికి వంక పెట్టలేను. నా పేచీ అంతా 'అడవి' అన్న ఆ ఒక్క మాటతోనే.

ఆ దీవి వైశాల్యం సుమారు 87 చదరపు కిలోమీటర్లు. షేక్ జాయెద్ దానిని వన్యప్రాణుల రక్షిత ప్రదేశంగా చేశారు. నేడు దాదాపు సగభాగం కంచె లోపలి మృగవనం. చెట్లు బారులు తీరి ఉన్నాయి. వాటి మొదళ్ళ వెంట నల్లని గొట్టాలు, వాటిలో ఉప్పు తీసిన సముద్రజలం. ఆ నీరాగితే ఆ పచ్చదనమూ ఆగుతుంది. మన భాషలో నాటితే తోట, మొలిస్తే అడవి. ఇది తోట.

ఆ చెట్ల నడుమ జిరాఫీలు తిరుగుతున్నాయి. జిరాఫీ ఆఫ్రికా జంతువు. అరేబియా ఎడారికి దానితో ఏమి చుట్టరికం? యాత్రికుని కెమెరాకు తప్ప అక్కడ దాని అవసరం ఎవరికి?

"మరి ఓరిక్స్ సంగతేమిటి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నిడుపాటి కొమ్ముల ఆ తెల్లని మృగాన్ని అరబ్బులు 'మహా' అంటారు. మన కవులు హరిణాక్షి అన్నట్లే వారి కవులు ప్రియురాలి కన్నులను దాని కన్నులతో పోల్చారు. వేటవల్ల 1972 నాటికి అడవిలో అది లేకుండా పోయింది. బోనుల్లో పెంచిన మందల నుండే తిరిగి ఎడారి చేరింది. 2011లో దాని స్థితి కొంత మెరుగుపడిందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ప్రకటించింది. ఆ పెంపకానికి చేతులెత్తి మ్రొక్కుతాను. అయితే దానిని పెంపకమనే అందాము. అందులో చిన్నతనమేమీ లేదు.

పేరులో ఏమున్నదంటారా? పొరుగున ఉన్న ఒమాన్‌ను చూడండి. అక్కడ విడిచిన ఓరిక్స్‌లు 1996లో 450 ఉండగా, దొంగవేటవల్ల 65కు దిగజారాయి. ప్రభుత్వం ఆ అభయారణ్యాన్ని నూటికి తొంభైపాళ్ళు కుదించింది. 2007లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితా నుండి తొలగించింది. అలా తొలగింపుకు గురైన మొదటి స్థలం అదే. కంచె లోపల మృగాలను పెంచడం ధనమున్నవారికి సాధ్యమే. కంచె లేని నేలను కాపాడుకోవడమే కష్టం.

తిరుగు ప్రయాణంలో ఎనిమిదేండ్ల మా మనుమరాలు, "తాతయ్యా, మన నల్లమల పోయినా ఇలాగే ఇంకొకటి చేసుకోవచ్చు కదా?" అన్నది. నలభై ఏండ్ల ఉపాధ్యాయ వృత్తిలో ఏ పిల్లవాడి ప్రశ్నా నన్నంత భయపెట్టలేదు. తప్పు పిల్లది కాదు. తోటను చూపి అడవి అని నేర్పిన పెద్దలది, మా ఇంటివారితో సహా.

విడిదులకు వెళ్ళండి, ఓరిక్స్‌ను కన్నులారా చూడండి. పిల్లలకు మాత్రం ఆ నల్లని గొట్టాలను కూడా చూపించండి. నా మాట కాదనువారు కారణం చెప్పండి; సబబైతే దిద్దుకుంటాను.