అభిమానం చాలు, ఆనవాలు వద్దు

సినిమా నటులమీద అభిమానం మన యిళ్ళకు కొత్త కాదు. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగువారికి అది రెండింతలు. తమిళ చిత్రాలూ మనవే, తెలుగు చిత్రాలూ మనవే. ఎం.జి.ఆర్. గొప్పా, శివాజీ గొప్పా అని అరుగుమీద వాదించుకున్నవారే ఎన్.టి.ఆర్., ఏ.ఎన్.ఆర్.ల విషయంలోనూ గొంతు చించుకునేవారు. అయితే ఆ వాదం వీధి దాటేది కాదు. ఎవరు ఏమన్నారో అందరికీ తెలుసు. మాట మీరితే, "చాల్లేవోయ్" అని ఆపే పెద్దలు అదే అరుగుమీద ఉండేవారు.

ఇప్పుడా అరుగు సెల్‌ఫోనులోకి వచ్చినది. అభిమాన సంఘాలు ఇన్‌స్టాగ్రామ్ పేజీలుగా, టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపులుగా నడుస్తున్నవి. వాటిని ఆడిపోసుకోవడం మా ఉద్దేశం కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రంలో చేరినది. ఆ తరువాత పుట్టిన మన పిల్లలలో చాలామంది బడిలో తమిళమే చదివారు. ఇంట్లోని తెలుగును తమ యీడువారితో పంచుకొనడానికి వారికి దొరికిన చోట్లలో ఈ గ్రూపులు ఒకటి. ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నా అది తెలుగే గదా! కనుక "మానుకో" అనడం సులభమే గాని న్యాయం కాదు. అక్కడ ఎట్లా మసలుకోవాలో చెప్పడమే మన పని.

ఎందుకు చెప్పవలసి వచ్చినదో రెండు సంగతులు చూడండి. 2020 జూన్‌లో నటి మీరా చోప్రా ట్విట్టరులో మాట్లాడుతూ, తాను జూనియర్ ఎన్.టి.ఆర్. అభిమానిని కానన్నారు. అంతే! ఆయన అభిమానులమని చెప్పుకొన్న కొందరు ఆమెను నోటికి వచ్చినట్లు తిట్టి, బెదిరించారు. ఆమె ఫిర్యాదుమీద హైదరాబాదు సైబర్ క్రైమ్ పోలీసులు కేసు పెట్టారు.

రెండవది ఇంకా ఆలోచించదగినది. 2023 అక్టోబరులో గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువ ఇంజనీరు, నటి రష్మిక మందన్న పేరుతో తాను నడుపుతున్న అభిమాన పేజీలో ఒక వీడియో పెట్టాడు. బ్రిటన్‌లో ఉన్న వేరొక యువతి వీడియో తీసుకొని, ఆమె ముఖం స్థానంలో రష్మిక ముఖాన్ని కంప్యూటరుతో అతికించాడు. దీనినే డీప్‌ఫేక్ అంటున్నారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అతనిని పట్టుకున్నారు. పేజీని అనుసరించేవారి సంఖ్య పెంచుకొనడానికే ఆ పని చేశాడని వారు చెప్పారు. ఇది శత్రువు చేసిన పని కాదు, అభిమాని పేజీలో జరిగిన పని! ఆ విదేశీ యువతి తన వీడియో ఎక్కడికి పోయి తేలుతుందో ఊహించి ఉండదు.

నటీమణులకు పేరున్నది, పలుకుబడి ఉన్నది. వారి మాట లోకం వింటుంది. మన పిల్ల మాటేమిటి?

ఇక్కడ మనవారికి ప్రత్యేకమైన చిక్కొకటి ఉన్నది. తమిళ కుటుంబాలలో సాధారణంగా పేరుకు ముందు తండ్రిపేరు మొదటి అక్షరం మాత్రమే ఉంటుంది. మనకు ఇంటిపేరు ఉన్నది. విజయవాడలో ఆ యింటిపేరుగలవారు వందలమంది ఉండవచ్చు. తిరుత్తణిలో ఒకటి రెండు కుటుంబాలే ఉండవచ్చు. అమ్మాయి తన ఖాతాకు ఇంటిపేరు పెట్టుకున్నదనుకోండి. ఒకనాడు బడి బ్యాడ్జి కనబడే ఫోటో, మరొకనాడు రోజూ ఎక్కే లోకలు బండి ఫోటో, ఇంకొకనాడు అక్క పెండ్లి పందిరి. విడివిడిగా ఇందులో రహస్యమేమీ లేదు. నాలుగూ కలిపితే, ముక్కూ మొగమూ తెలియనివాడు సాయంత్రం ఆ పిల్ల దిగే స్టేషనులో నిలబడగలడు.

కనుక అభిమాన గ్రూపులకు మారుపేరుతో వేరే ఖాతా ఉంచుకోవాలి. అందులో ఊరూ, బడీ, ఇంటిపేరూ ఉండరాదు. వాట్సాప్ గ్రూపులో మన నంబరు తోటిసభ్యులకు కనబడుతుందని మరువరాదు. ఎవరుపడితే వారు గ్రూపులలో చేర్చకుండా, ప్రైవసీ అనే చోట గ్రూపులకు సంబంధించిన ఏర్పాటును మనకు తెలిసినవారికే పరిమితం చేయవచ్చు. టెలిగ్రామ్‌లో నంబరు ఎవరికీ కనబడకుండా చేసుకోవచ్చు. మొదటి ఆట చూసిన ఫోటో, ఇంటికి వచ్చాకనే పెట్టడం మేలు. టిక్కెట్లిప్పిస్తాం, హీరోగారిని చూపిస్తాం అని డబ్బో, ఓటీపీయో అడిగితే ఇవ్వరాదు. "ఈ మాట ఇంట్లో చెప్పకు" అన్నవాడు ఎంతటి అభిమాని అయినా స్నేహితుడు కాడు.

తిట్లు, బెదిరింపులు వస్తే జవాబు చెప్పి పౌరుషం చూపవద్దు. ముందు ఆ రాతలను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి, తరువాత ఆ మనిషిని బ్లాక్ చేయాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. పిల్లలకు ఆపద అయితే 1098 ఉన్నది. సైబర్ నేరాలకు కేంద్ర ప్రభుత్వం నడిపే పోర్టలులోనూ, పోలీసు స్టేషనులోనూ ఫిర్యాదు చేయవచ్చు. మన సంగతులు మన దగ్గర ఉంచుకొనడం బిడియం కాదు, హక్కు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు.

ఇక పెద్దలకొక మనవి. పిల్ల భయపడి వచ్చి చెప్పినప్పుడు మొట్టమొదట ఫోను లాక్కోకండి. లాక్కుంటే ఆపద తీరదు. రెండవసారి మీకు చెప్పడం మాత్రం ఆగిపోతుంది. బెదిరించేవాడికి కావలసినది కూడా అదే. అట్లాగే మనుమరాలి బహుమతి ఫోటోను బడి పేరుతో సహా నాలుగు గ్రూపులకు పంపే తాతయ్యలూ, అమ్మమ్మలూ, ఆ ఉత్సాహాన్ని కాస్త తగ్గించుకోవలసి ఉన్నది.

ఈ ఆదివారం భోజనాలయ్యాక, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని వారి ఖాతాను అపరిచితుని కన్నుతో చూడండి. ఊరు తెలుస్తున్నదా? బడి తెలుస్తున్నదా? ఇల్లు తెలుస్తున్నదా? తెలిస్తే ఆ ఫోటో తీసివేయించండి. తరువాత వారికిష్టమైన హీరో పాట ఒకటి పెట్టించుకొని వినండి. ఆ అరుగుమీద మనకూ కాస్త చోటు దొరుకుతుంది.