కంపచెట్టు తరఫున ఒక మాట

అనంతపురం నుంచి ఒంగోలు దాకా బస్సులో మనకు తోడొచ్చే చెట్టు ఏది? వేపా కాదు, చింతా కాదు. సర్కారు తుమ్మ! కంపచెట్టు అని తిట్టుకుంటాం. చీర కొంగు చిరిగినా, పిల్లాడి కాల్లో ముల్లు విరిగినా దాని పుణ్యమే.

దాని పుట్టిల్లు మన దేశం కాదు, అటు మెక్సికో, దక్షిణ అమెరికా. 1877లో తెల్లదొరల అటవీశాఖ కడప జిల్లా కమలాపురంలో విత్తనం వేయించింది. పేరులో 'సర్కారు' అందుకే కాబోలు! మేకలు తియ్యటి కాయలు తిని, గింజల్ని పెంటికలతో ఊరూరా చల్లాయి. చెరువులు, బీళ్లు అన్నీ దానివైపోయాయి. దాని కింద మరో మొక్క బతకడం కష్టం. పుప్పొడి పడక ఆయాసపడేవాళ్లూ ఉన్నారు.

ఇన్ని తిట్టాక, పూతమీదున్న కంప దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. పిల్లితోకల్లాంటి లేతపసుపు పూలచుట్టూ జుమ్మని తేనెటీగలు! ఎండల్లో పచ్చని పోచ కనిపించనప్పుడూ దానికి పూత ఉంటుంది. చిన్న ఈగలైతే ఆ ముళ్లకొమ్మకే పట్టు పెట్టుకుంటాయి, ముళ్లే కాపలా. ఎండాకాలం ఈగ బతికితేనే కదా తర్వాత మన గుమ్మడి పాదుకి కాయ పడేది! తేనె పిండి అమ్ముకునేవాళ్లకూ, కట్టెలు కొట్టుకొచ్చుకునే ఆడవాళ్లకూ, మేకలకోసం కాయలేరే అవ్వలకూ కంప శత్రువేం కాదు. పెరూలో దీని దాయాది చెట్టు కాయల్ని ఉడికించి పాకం తీస్తారు. మనం ఆ రుచి జోలికే పోలేదు.

ఇప్పుడు జేసీబీలు పెట్టి కంప పీకిస్తున్నారు. చెరువులో కంప పీకాల్సిందే, కాదనను. మొదలు వదిలేస్తే మళ్లీ పిలకలేస్తుంది కూడా. కానీ ఎవర్నడిగి పీకుతున్నారు? ఆ కట్టె ఎవరి లారీ ఎక్కుతోంది? గ్యాసు బండ ధర చూసి నీళ్లు కట్టెలపొయ్యి మీదే కాచుకునే ఇల్లాలికి నాలుగు మోపులైనా దక్కుతున్నాయా? గ్రామసభలో ఈ మాట మనమే అడగాలి. గట్లమీద ముందు కానుగ, వేప, చింత, నేరేడు నాటించమనాలి. వాటి పూలూ ఈగలకిష్టమే. అవి పూతకొచ్చేదాకా పొలిమేరలో కాస్త కంప ఉండనివ్వమనాలి.

అన్నట్టు, పరాయి మొక్కలన్నీ ఒకటి కాదు. దెబ్బ తగిలితే పసరు పిండుకునే గడ్డిచేమంతీ అమెరికాదే. వయ్యారిభామను మాత్రం ఉత్త చేతుల్తో ముట్టుకోకండి, దద్దుర్లొస్తాయి. పూత రాకముందే చేతికి తొడుగేసుకుని వేళ్లతో సహా పీకేయండి. దాని తరఫున నేనూ మాట్లాడను.