ఆర్టిజన్ అంటే ఎవరండీ?

మా ఖమ్మం వైపు లాయరంటే భూమి తగాదాలే అనుకునేవాణ్ణి. పాల్వంచలో ఒక థర్మల్ స్టేషను, భద్రాచలం అడవి అంచున మణుగూరు దగ్గర ఇంకోటి. అక్కడ కావల్సింది లేబర్ చట్టమూ, కరెంటు చట్టమూ రెండూ తెలిసిన లాయరు.

కాంట్రాక్టు పద్ధతి రద్దయినంత మాత్రాన కార్మికులు ఆటోమేటిగ్గా కంపెనీ ఉద్యోగులైపోరని 2001లో సెయిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. (క్లయింటు ఆఫీసులో ఏళ్ళ తరబడి కూర్చునే మనకి ఇది కొత్తేం కాదు లెండి.) 2017లో తెలంగాణ విద్యుత్ సంస్థలు 20 వేలకు పైగా కాంట్రాక్టు కార్మికుల్ని "ఆర్టిజన్లు"గా తీసుకున్నాయి. గొడవ తీరిందా? లేదు. రెగ్యులర్ వాళ్ళకి పాత ఏపీఎస్ఈబీ సర్వీసు రూల్సు, వీళ్ళకేమో స్టాండింగ్ ఆర్డర్లు. 2023 ఏప్రిల్‌లో సమ్మెకి దిగినప్పుడు ముఖ్యమైన డిమాండ్లలో అదొకటి.

"వాళ్ళకి పెంచితే మన బిల్లు పెరుగుతుంది కదా" అన్నాడు మా టీం లీడ్. జీతాల ఖర్చు టారిఫ్‌లోకి వస్తుంది, నిజమే. కానీ 2003 విద్యుత్ చట్టం ప్రకారం టారిఫ్ ఖరారు చేసేముందు రెగ్యులేటరీ కమిషన్ జనం అభ్యంతరాల్ని పరిశీలించాలి. మనలో ఎంతమంది రాశాం? బొగ్గు ఖర్చు గురించి, కొనుగోలు ఒప్పందాల గురించి అక్కడ ఒక్క ముక్క అడక్కుండా, బాయిలర్ దగ్గర నైట్ షిఫ్టు చేసేవాడి జీతం మీద పడతామేం?